పెద్దవారి ఆపరేషన్ గాయం మానాలంటే ఇంట్లో ఏమేం చేయాలి

మూడేళ్ళ క్రితం మా అమ్మ స్నానాలగదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆవిడకు 72 ఏళ్ళు. ఆపరేషన్ బాగానే జరిగింది, నాలుగో రోజుకల్లా వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది కూడా. కానీ పద్దెనిమిదో రోజు వచ్చినా కోత కింది కొస దగ్గర చిటికెనవేలి గోరంత మేర తడి ఆరలేదు. కట్టు విప్పి చూసిన డాక్టరు గాయం సంగతి ఎత్తకుండా, "అమ్మా, అన్నంలోకి ఏం తింటున్నారు?" అని అడిగారు. "పథ్యం కదా బాబూ, చారన్నమే," అంది అమ్మ. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అన్న ప్రశ్నకు ఆవిడ జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. ఇంట్లో అన్నదమ్ముల మధ్య నడుస్తున్న ఒక గొడవ వల్ల ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచీ సరిగా కన్ను మూయలేదని పక్క మంచం మీద పడుకునే నాకు తెలుసు. దానికీ కోత ఆరకపోవడానికీ సంబంధం ఉంటుందని మాత్రం తెలియదు.

సంబంధం ఉంది. వయసు మళ్ళిన శరీరంలో గాయం మానడం సహజంగానే నిదానం; దాని మీద దిగులు, నిద్రలేమి, అర్ధాకలి తోడైతే ఆ నిదానం ప్రమాదంగా మారుతుంది. వయసును మనం వెనక్కి తిప్పలేము. మిగిలిన మూడూ ఇంటివాళ్ళ చేతిలో ఉన్నవే. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజు నుంచి కుట్లు విప్పిన తర్వాత కొన్ని నెలల వరకు ఏ పని ఎప్పుడు చేయాలో, ఎందుకు చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మందుల మోతాదులూ కట్టు మార్చే పద్ధతీ మీ డాక్టరు చెప్పినట్టే జరగాలి. వాటికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

ముందుగా, గాయం ఎలా మానుతుందో తెలుసుకోండి

కోత పడిన నిమిషాల్లోనే రక్తం గడ్డకట్టి స్రావం ఆగుతుంది. ఆ తర్వాత కొద్ది రోజులు ఆ చోటు వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటుంది. చాలామంది దీన్ని చూసి భయపడతారు కానీ ఈ వాపు ఒక మేరకు అవసరం: గాయపడిన కణాలు విడుదల చేసే రసాయన సంకేతాలను అందుకుని తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, క్రిములనూ చనిపోయిన కణజాలాన్నీ శుభ్రం చేసే దశ అది. శుభ్రం అయ్యాకే కొత్త కండ పెరుగుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అల్లుకుని రెండు అంచులనూ కలుపుతాయి. ఆ పోగులు బిగిసి గట్టిపడడానికి నెలలు పడుతుంది.

దిగులు దెబ్బతీసేది ముఖ్యంగా ఆ శుభ్రం చేసే దశను. వారాల తరబడి మనసులో ఆందోళన ఉన్నప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోను అవసరానికి మించి వస్తుంది. అది తెల్లకణాలను పిలిచే సంకేతాలను అణచివేస్తుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. అదే గ్రంథుల నుంచి వచ్చే అడ్రినలిన్ చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగించడంతో గాయానికి అందే ప్రాణవాయువు తగ్గుతుంది. ఆపరేషన్‌కు ముందురోజు కలిగే గుండెదడ వంటి కొద్దిపాటి ఆందోళనతో ఇంత నష్టం ఉండదు. ఎడతెగని చింతతోనే వస్తుంది.

వయసు చేసే పని వేరు. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ అనే గ్రంథిలో రోగనిరోధక కణాల్లో ఒక ముఖ్యమైన జాతి తయారవుతుంది. యవ్వనం నుంచే కుంచించుకుపోతూ వచ్చి ముసలితనానికి ఆ గ్రంథి చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. చర్మం పలచబడుతుంది, పైపొరకూ లోపలి పొరకూ మధ్య పట్టు సడలుతుంది, కొల్లాజెన్ తయారీ తగ్గుతుంది. విచిత్రమేమిటంటే పెద్దవయసులో ఒంటినిండా ఒక సన్నపాటి వాపు ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది, అయినా నిజంగా గాయమైన చోటికి సాయం ఆలస్యంగా చేరుతుంది. ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ చిన్న చిన్న మంటలు ఆర్పుతూ అలసిపోయినవాళ్ళు ఇల్లు అంటుకున్న చోటికి వేళకు రాలేకపోయినట్టు ఉంటుంది ఆ స్థితి. మధుమేహం కూడా ఉన్నవారిలో ఈ ఆలస్యం మరింత ఎక్కువ.

ఆపరేషన్‌కు నెల ముందు

అత్యవసరం కాని ఆపరేషన్ అయితే, మోకాలి మార్పిడి, హెర్నియా వంటివి, మీ చేతిలో కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని వృథా చేయకండి. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, రక్తహీనత ఉంటే ముందే సరిచేయించండి. హెచ్‌బీఏ1సీ 8 శాతం లోపు ఉంటేనే తేదీ ఇస్తామనే సర్జన్లు చాలామంది ఉన్నారు. అలా వాయిదా వేస్తే విసుక్కోకండి, వారు గాయం గురించే ఆలోచిస్తున్నారు. పుచ్చిపోయిన పళ్ళు, కాలివేళ్ళ మధ్య ఒరుపులు, మూత్రంలో మంట ఉంటే దాచకుండా చెప్పండి.

పొగ అలవాటు ఉంటే కనీసం నాలుగు వారాల ముందు మానాలి. బీడీ, సిగరెట్ అనగానే తండ్రుల సంగతే గుర్తుకు వస్తుంది కానీ, ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ చుట్టల సంగతి ఆసుపత్రిలో ఎవరూ అడగరు. మీరే చెప్పండి.

మందుల సంచీ మొత్తం తీసుకెళ్ళి చూపించండి. రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరు నిర్ణయిస్తారు. కీళ్ళనొప్పులకని పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని పొడులు వాడుతుంటే అవి కూడా తప్పక చూపించాలి; అటువంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు ఉన్నాయి. స్టెరాయిడ్ అంటే బయటి నుంచి ఇచ్చే కార్టిసాల్ వంటిదే, గాయాన్ని మాననివ్వదు. అలాగని ఒక్కసారిగా మానిపించడం కూడా ప్రాణాపాయమే, ఎందుకంటే అలవాటు పడిన శరీరం తన సొంత కార్టిసాల్ తయారు చేసుకోవడం మరచిపోయి ఉంటుంది.

భయం తగ్గించడం కూడా ఈ నెలలోనే మొదలుపెట్టాలి. "ఏం కాదులే అమ్మా" అన్న మాట పెద్దవారికి ధైర్యం ఇవ్వదు. వారి భయం ఏమిటో అడిగి ఒక కాగితం మీద రాయండి. మత్తు ఇస్తే మళ్ళీ లేవనేమో, మలమూత్రాలకు ఎవరు తీసుకెళ్తారు, డబ్బు ఎంతవుతుంది, ఆవుకు మేత ఎవరు వేస్తారు: అన్నీ రాసి, డాక్టరు చెప్పవలసినవి డాక్టరు చేత చెప్పించండి, మీరు తేల్చవలసినవి మీరు తేల్చండి. మా అనుభవంలో పెద్దవారిని ఎక్కువగా తినేసేది డబ్బు భయం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ వైద్యసేవ వర్తించే ఆసుపత్రుల్లో రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. ఆపరేషన్‌కు ముందే వారి దగ్గర అర్హత, కాగితాలు తేల్చుకుని, పెద్దాయన వినేటట్టు, "నాన్నా, ఇందులో మనం కట్టవలసింది ఇంత" అని లెక్క చెప్పండి.

పథ్యం పేరుతో ఆకలితో ఉంచకండి

అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, గుడ్డు వేడి, పెరుగు నెమ్ము అని మన ఇళ్ళలో ఒక జాబితా ఉంది. దాన్ని పూర్తిగా పాటిస్తే కంచంలో మిగిలేది చారన్నం, ఇడ్లీ, బ్రెడ్డు. చీము పుట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయాన్ని అతికే కొల్లాజెన్ ప్రోటీనే, క్రిములతో పోరాడే ప్రతిరక్షకాలు ప్రోటీన్లే. అవి తయారు కావాలంటే తినే తిండిలో ప్రోటీన్ ఉండాలి. తిండిలో లేకపోతే శరీరం తన సొంత కండలను కరిగించుకుంటుంది, పెద్దవారిలో ఆ కండ తిరిగి పట్టడం చాలా కష్టం.

జబ్బు చేసిన లేదా ఆపరేషన్ జరిగిన పెద్దవారికి ఒక్కో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు ప్రోటీన్ అవసరం. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు, వారు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు కంచం చూద్దాం. ఒక కంచెడు అన్నంలో ప్రోటీన్ దాదాపు 5 గ్రాములు, చారులో నామమాత్రం. అంటే రెండు పూటలా చారన్నం తిన్న మా అమ్మకు దక్కింది 10 గ్రాములు, పొద్దున ఇడ్లీలతో కలిపినా అవసరంలో నాలుగో వంతు కూడా కాదు. అదే మనిషికి పొద్దున రెండు ఉడికించిన గుడ్లు పెడితే 12 గ్రాములు, ఒక గ్లాసు పాలు ఇస్తే 6, రెండు పూటలా ఒక్కో కప్పు ముద్దపప్పు వేస్తే 16, ఒక కప్పు గట్టి పెరుగుకు 6 లేదా 7, సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుశనగలకు 7, మధ్యాహ్నం ఒక చేప ముక్కో కోడి ముక్కలో వంద గ్రాములు తింటే 20కి పైన. అన్నంతో కలిపి లెక్క సరిపోతుంది. మాంసం ముట్టనివారికి పెసరట్టు, పనీర్, మీల్‌మేకర్, ఉలవలు, ఇంకో గ్లాసు పాలు ఆ లోటు తీరుస్తాయి. పళ్ళు లేనివారికి వేరుశనగలు పొడి కొట్టి మజ్జిగన్నంలో కలపండి, గుడ్డు మెత్తగా చిదిమి అన్నంలో కలిపి నెయ్యి వేయండి. ఒకేసారి ఎక్కువ పెట్టే బదులు ఐదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టడం మేలు, ఎందుకంటే నొప్పి మాత్రలతో ఆకలి చచ్చిపోయి ఉంటుంది.

కొల్లాజెన్ అల్లికకు విటమిన్ సి కూడా కావాలి. దానికి మాత్రలు కొనక్కర్లేదు, రోజుకు ఒక జామకాయో ఒక ఉసిరికాయో చాలు.

మంచం చుట్టూ

నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అని మన పెద్దవాళ్ళు నమ్ముతారు. ఓర్చుకున్న నొప్పి కూడా శరీరానికి ఒత్తిడే. అది కార్టిసాల్‌ను పెంచుతుంది, నిద్రను చెడగొడుతుంది, నడవనివ్వదు. డాక్టరు రాసిన నొప్పి మాత్రను అడిగినప్పుడు ఇవ్వడం కాకుండా రాసిన వేళకే ఇవ్వండి. అది చాలకపోతే ఫోన్ చేసి అడగండి కానీ మందుల షాపులో దొరికే మరో నొప్పి మాత్ర కలపకండి, పెద్దవారిలో అవి మూత్రపిండాలనూ కడుపునూ దెబ్బతీస్తాయి.

నిద్ర విషయంలో చేయగలిగింది చాలానే ఉంది. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ ఆపండి. నీళ్ళు పగటిపూట ఎక్కువ, రాత్రి భోజనం తర్వాత తక్కువ ఇస్తే మూత్రానికి లేచే బాధ తగ్గుతుంది. పగలు కిటికీ తలుపులు తెరిచి వెలుతురు రానివ్వండి, రాత్రి తొమ్మిదికి టీవీ, ట్యూబ్‌లైటు ఆర్పండి. కళ్ళజోడు, వినికిడి యంత్రం, గడియారం, క్యాలెండరు మంచానికి అందేటట్టు పెట్టండి. తానెక్కడున్నదీ, ఏ పూట అయిందీ తెలియకపోవడం కూడా పెద్దవారిలో రాత్రిపూట కలవరింతకు దారి తీస్తుంది. నిద్రమాత్రలు సొంతంగా ఇవ్వవద్దు.

మంచాన్ని కిటికీ పక్కకు జరపండి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది వివరాలను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి 1984లో ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. మన ఇళ్ళలో రోగిని "విశ్రాంతిగా ఉంటుంది" అని వెనక చీకటి గదిలో పడుకోబెడతారు. వేపచెట్టు కనిపించే ముందు గది ఇవ్వండి.

పరామర్శకు వచ్చేవాళ్ళ ప్రేమ నిజమైనదే, కానీ "మా పిన్నికీ ఇలాగే అయింది, ఆర్నెల్లకు పోయింది" అన్న మాట వారు వెళ్ళాక కూడా గదిలోనే ఉండిపోతుంది. సాయంత్రం ఒక గంట మాత్రమే కేటాయించండి, దగ్గు, జలుబు ఉన్నవారిని గుమ్మం దగ్గరే ఆపండి. ఇంట్లో గొడవలుంటే వాటిని ఆ గది దాటి బయటకు తీసుకెళ్ళండి. ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 42 దంపతుల జంటల చర్మం మీద చిన్న బొబ్బలు చేసి, ఒకసారి ఆప్యాయంగా, మరోసారి తగాదా విషయాల మీద మాట్లాడించి గమనించింది. ఒకరి మీద ఒకరు విరుచుకుపడే దంపతుల గాయాలు, అలా కానివారితో పోలిస్తే 60 శాతం వేగంతోనే మానాయి. ఈ ఫలితాలు 2005లో వచ్చాయి. మా అమ్మ కోత దగ్గరి తడి నాకు అది చదివాక అర్థమైంది.

పూజ, జపం, రేడియోలో పాత పాటలు, నిదానంగా ఊపిరి పీల్చి వదలడం, ఏది అలవాటైతే అది రోజూ ఒక వేళకు చేయించండి. కొత్తవి నేర్పే సమయం కాదిది.

నడిపించడం ఇంకా ముఖ్యం. డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచే, ఒప్పుకున్నంత మేర, పూటకు కొన్ని అడుగులు పెంచుతూ పోవాలి. ఆరోగ్యంగా ఉన్న 28 మంది పెద్దవారితో అదే విశ్వవిద్యాలయంలో జరిపిన పరిశోధనలో, వారానికి మూడుసార్లు వ్యాయామం చేసినవారి చిన్న గాయం సగటున 29 రోజుల్లో మానితే, చేయనివారికి దాదాపు 39 రోజులు పట్టింది. లేవలేని స్థితిలో ఉంటే కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, మడమలు, పిరుదులు, నడుము కింది భాగం చూడండి. చర్మం కందిపోయి, వేలితో నొక్కినా రంగు మారకపోతే పడకపుండు మొదలవుతున్నట్టే.

గాయాన్ని రోజూ ఎలా చూడాలి

సబ్బుతో చేతులు కడుక్కుని, పగటి వెలుతురులో, ప్రతిరోజూ ఒకే దూరం నుంచి ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా గుర్తుండదు, ఫోటోలో తెలుస్తుంది. మన చర్మం రంగు మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి చుట్టూ చర్మాన్ని చేతి వెనకభాగంతో తాకి వేడి, గట్టిదనం చూడాలి. తగ్గిన నొప్పి మళ్ళీ పెరగడం, దుర్వాసన, చీము, అంచులు విడిపోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కాఫీపొడి, సున్నం, ఆకుపసరు ఏదీ కోత మీద పెట్టవద్దు.

ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. రోగనిరోధక శక్తి మందగించిన పెద్దవారిలో ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి మాట తడబడడం, మనవణ్ణి వేరే పేరుతో పిలవడం, రెండు పూటలు అన్నం వద్దనడం, నిన్నటి దాకా నడిచినవారు ఇవాళ లేవలేకపోవడం, ఇవే వారి జ్వరం. "వయసు కదా" అని వదిలేయకండి. అలాగే నడుముకో ఛాతీకో ఒక పక్కనే మంటతో బొబ్బలు లేస్తే అది సర్పి కావచ్చు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నరాల్లో నిద్రపోయి, వయసు మీదపడి నిరోధక శక్తి సన్నగిల్లిన సమయంలో లేస్తుంది. మూడు రోజుల లోపు మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. 50 దాటినవారికి దీనికి టీకా కూడా ఉంది. ఫ్లూ, న్యుమోనియా టీకాలతో పాటు దీన్ని ఎప్పుడు వేయించాలో ఆపరేషన్‌కు ముందే అడగండి.

సేవ చేసేవారి సంగతి

ఇది చివర రాస్తున్నా పని మాత్రం మొదటి రోజే చేయాలి. 1995లో కీకోల్ట్-గ్లేజర్ బృందం మతిమరుపు జబ్బు ఉన్న బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలనూ, అదే వయసులో ఆ బాధ్యత లేని మరో 13 మందినీ తీసుకుని, చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి చూసింది. మిగిలినవారికి సగటున 39 రోజుల్లో మానిన గాయం సేవ చేసేవారికి మానడానికి దాదాపు 49 రోజులు పట్టింది. రోగి వాళ్ళు కాదు. వాళ్ళ ఒంట్లో జబ్బేమీ లేదు. కానీ ఆ అలసట చర్మం దాకా చేరింది.

మన ఇళ్ళలో ఈ బరువు మోసేది భార్య, కూతురు లేదా కోడలు. భర్తకు సేవ చేసే భార్యకు కూడా అరవై, డెబ్బై ఏళ్ళు ఉంటాయి, ఆవిడకు కూడా బీపీ, చక్కెర ఉంటాయి, ఆవిడ మాత్రలు వేసుకుందో లేదో అడిగేవారు ఉండరు. కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు సాయంత్రమే కుటుంబమంతా కూర్చుని ఒక కాగితం మీద ఏడు రాత్రులు రాసి, ఒక్కో రాత్రికి ఒక్కో పేరు పెట్టండి. ఊళ్ళో లేని కొడుకు, అమెరికాలో ఉన్న కూతురు పేర్లు కూడా అందులో ఉండాలి: వారు రాత్రి కూర్చోలేకపోతే ఆ రాత్రికి ఒక ఆయా జీతం కట్టగలరు, వారి పగటిపూట మనకు రాత్రి కాబట్టి మాత్రల వేళకు ఫోన్ చేసి గుర్తు చేయగలరు. ఎవరి వంతు లేని రాత్రి వాళ్ళు వేరే గదిలో, తలుపు వేసుకుని, పూర్తిగా నిద్రపోవాలి.

ఆ కాగితాన్ని కుట్లు విప్పిన రోజున చింపేయకండి. కుట్లు విప్పినంత మాత్రాన లోపలి అల్లిక పూర్తికాదు. మానిన చోటు మళ్ళీ మునుపటి చర్మమంత గట్టిపడదు, నెలలు గడిచాక కూడా దాదాపు 80 శాతం బలం వరకే చేరుతుంది. నీళ్ళ బిందె ఎత్తడం, కింద కూర్చుని కూర తరగడం, మెట్లెక్కడం ఎప్పుడు మొదలుపెట్టవచ్చో మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అడిగి, ఆ తేదీలను అదే కాగితం మీద పేర్ల కింద రాసి వంటగది తలుపుకు అంటించండి.